జేజినాయన పేరు ఉసేనప్ప. బిడ్డకు పెట్టొచ్చా? అసలు ఆ పేరుకు అర్థమేంటి?

తాడిపత్రి_పిల్ల | శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదివి పోయేదాన్నే గానీ రాయడం ఇదే మొదలు. మాది తాడిపత్రి పక్కన పల్లె. ఎనిమిదేళ్ల నుంచి బెంగళూరే, ఇప్పుడు హెచ్.ఎస్.ఆర్. లేఔట్‌లో ఉంటున్నాం. పోయిన వారం రెండో బాబు పుట్టాడు. ఈ ఆదివారం కాక పై ఆదివారం తొట్టెల్లో వేస్తున్నాం.

చిక్కంతా పేరు దగ్గరే. పెద్దోడికి మా మామగారి నాయన పేరు పెట్టారు. ఈసారి మా వంతు. మా నాయనకు వాళ్ల నాయన పేరు పెట్టాలని ఒకటే పట్టు. ఆయన పేరు ఉసేనప్ప. మేము ముస్లింలం కాదు, మా ఇంటి దేవుడు చెన్నకేశవుడు. జేజినాయన అమ్మకు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారంట. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు ఊర్లో పీర్ల చావిడి ముందర కొంగు పరిచి మొక్కుకుందంట. మొహర్రం పదో నాడు, పీర్లు నీళ్లకు పోయే పొద్దున ఈయన పుట్టాడు. ఇంక వేరే పేరు ఎవరూ అడగలేదు.

మా అత్తగారిది భీమవరం. "అదేం పేరమ్మా, సాయిబుల పేరు కదా" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు. మా ఆయన బెంగళూరులోనే పుట్టి పెరిగాడు. స్కూల్లో ఏడిపిస్తారేమో అని ఆయన టెన్షన్. నాకేమో వాళ్లకు చెప్పడానికి ఆ పేరుకు అర్థం కూడా సరిగ్గా తెలీదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఫిల్టర్_కాఫీ | శుక్రవారం, రాత్రి 10:31

ముందు శుభాకాంక్షలు అక్కా. ఏడిపిస్తారనే భయం వద్దు. ఉసేన్ అంటే ఇప్పటి పిల్లలకు గుర్తొచ్చేది ఒక్కడే, 2009లో బెర్లిన్‌లో వంద మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తిన ఉసేన్ బోల్ట్. స్పోర్ట్స్ డే నాడు మాత్రం బాబు మీద కొంచెం ప్రెషర్ ఉంటుంది.

గోదారి_గట్టు | శుక్రవారం, రాత్రి 11:05

అత్తగారి వైపు నుంచి కూడా ఆలోచించండమ్మా. పెద్దాయన మీద గౌరవం వేరు, పిల్లాడు అరవై డెబ్బై ఏళ్లు మోయాల్సిన పేరు వేరు. మనకు సంస్కృతంలో, తెలుగులో పేర్లే లేవా? పరాయి భాష పేరు ఎందుకు? అంతగా కావాలంటే శబ్దం కలిసేలా సుహాస్ అని పెట్టుకోండి. అచ్చంగా అలాగే వినిపిస్తుంది, మంచి నవ్వు అని అర్థం కూడా ఉంది.

కాక్స్‌టౌన్_మాస్టారు | శనివారం, ఉదయం 6:20

అమ్మా, నాది కర్నూలు. ఉర్దూ టీచరుగా పనిచేసి రిటైర్ అయ్యాను. ఇప్పుడు కాక్స్‌టౌన్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీరు అడిగిన అర్థం చెబుతాను, కాస్త ఓపికగా చదవండి.

అరబ్బీలో మాటలు మూడు హల్లుల వేరు నుంచి పుడతాయి. ఇక్కడ ఆ వేరు హ, స, న. దాన్నుంచి వచ్చిన 'హుస్న్' అంటే అందం. 'హసన్' అంటే అందగాడు, మంచివాడు. అరబ్బీలో అందానికీ మంచితనానికీ ఇక్కడ ఒకటే మాట. ఎహసాన్ అంటే చేసిన మేలు, మొహసిన్ అంటే ఆ మేలు చేసేవాడు. మీకు తెలిసిన హసీనా కూడా ఈ ఇంటి పిల్లే.

ఇక హుసైన్. ఇది హసన్‌కే ముద్దు రూపం. మనం బుజ్జి, చిట్టి అని ముందు తగిలిస్తాం కదా, అరబ్బులు మాట కడుపులోనే మార్పు చేస్తారు. మొదటి హల్లుకు 'ఉ', రెండో హల్లుకు 'ఐ' చేరిస్తే మాట చిన్నదైపోతుంది. ఉమర్ నుంచి ఉమైర్, అబ్ద్ నుంచి ఉబైద్, జుంద్ అంటే దండు, దాన్నుంచి జునైద్. అలాగే హసన్ నుంచి హుసైన్. అంటే 'బుజ్జి హసన్', 'చిట్టి అందగాడు'. ప్రవక్తగారి కూతురు ఫాతిమాకు, అలీకి పుట్టిన ఇద్దరు మగబిడ్డల్లో పెద్దాయన హసన్, చిన్నాయన హుసైన్. అన్నదమ్ములకు ఆ పేర్లు ఎంత అందంగా కుదిరాయో చూడండి.

ఆ చిన్నాయనే క్రీస్తుశకం 680 అక్టోబరులో, హిజ్రీ 61 మొహర్రం పదో నాడు, ఇరాక్‌లోని కర్బలా మైదానంలో యజీద్ సైన్యం చేతిలో అమరుడయ్యారు. ఆయన వైపు ఉన్నది 72 మంది అని చెప్పుకుంటారు. యూఫ్రటీస్ నది కళ్ల ముందే ఉన్నా గుక్కెడు నీళ్లు అందనివ్వలేదు. మన ఊళ్లలో పీర్ల పండగ పదిరోజులూ పానకం పంచేది ఆ దాహాన్ని తలుచుకునే.

ఫిల్టర్_కాఫీ | శనివారం, ఉదయం 8:02

మాస్టారూ అదరగొట్టారు. ఒక డౌటు. అయితే తహసీల్దార్ కూడా ఈ హసన్ ఇంటివాడేనా? మరి మన పక్కనున్న హాసన్ జిల్లా?

కాక్స్‌టౌన్_మాస్టారు | శనివారం, ఉదయం 8:40

రెండూ కావు బాబూ. తహసీల్‌లో వేరు హ, స, ల. ఆ 'స' కూడా ఈ 'స' కాదు, అరబ్బీలో దానికి అక్షరమే వేరు, బరువుగా పలుకుతారు. హాసిల్, మహసూల్, తహసీల్ అన్నీ దాని పిల్లలు, అంటే రాబట్టేది. తహసీల్దార్‌లో అందం వెతికితే దొరకదు.

హాసన్ జిల్లాకు పేరు వచ్చింది హాసనాంబ అమ్మవారి నుంచి. ఆ గుడి ఏడాదికోసారి దీపావళి రోజుల్లో మాత్రమే తెరుస్తారు. అరబ్బీకి ఏ సంబంధమూ లేదు.

పనిలో పని స్పెల్లింగు గురించి కూడా. మనం అలవాటుగా 'హుస్సేన్' అని ద్విత్వం పెడతాం. అరబ్బీలో అక్కడ ఒకటే 'స'. హసన్‌లోని స‌ను ఒత్తి, సాగదీసి 'హస్సాన్' అంటే అది ఇంకో పేరే అయిపోతుంది. ప్రవక్తగారి కాలపు కవి హస్సాన్ బిన్ సాబిత్ పేరు అది. కాబట్టి హుసేన్ అనో హుసైన్ అనో రాస్తే మేలు.

పెన్న_గట్టు | శనివారం, ఉదయం 9:15

మాది నెల్లూరు, ఉండేది కె.ఆర్. పురం. గోదారి గట్టు గారూ, మా జిల్లాకు ఒకసారి రండి. కసుమూరు మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకుని మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్ రెడ్డి అని పెట్టుకున్న హిందువులు వీధికొకరు దొరుకుతారు. మా నాయనమ్మ మస్తానమ్మ. ఏటా తిరుమల వెళ్లేది, ఏటా కసుమూరూ వెళ్లేది. ఆమెకు అందులో పెద్ద విశేషమేమీ కనిపించేది కాదు.

మీ పక్క కూడా ఉంటారు, వెతకాలంతే.

గోదారి_గట్టు | శనివారం, ఉదయం 9:50

ఉంటారు, కాదనను. మస్తాన్ అంటే చెవికి అలవాటైపోయింది. ఉసేనప్ప నేను ఇదే వినడం.

రాయచూర్_రాయుడు | శనివారం, ఉదయం 10:27

ఇక్కడ కర్ణాటకలో అడగండి ఆ మాట! మాది రాయచూరు, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. నాతో చదువుకున్నవాళ్లలో హుసేనప్ప, ఫకీరప్ప, మౌలప్ప అందరూ ఉన్నారు, ఒక్కడూ ముస్లిం కాదు. మా జిల్లా ముద్గల్‌లో మొహర్రం అంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ ఖాళీ, జనమంతా అక్కడే. కన్నడవాళ్లు పీర్లను 'అలాయి దేవరు' అంటారు. గదగ్ జిల్లా శిరహట్టిలో ఫకీరేశ్వర మఠం ఉంది. పేరు చూడండి, ఫకీరూ ఈశ్వరుడూ ఒకే మాటలో ఇమిడిపోయారు.

అంతదూరం ఎందుకు, బెంగళూరు కరగ ఉత్సవం చూడండి. ద్రౌపదమ్మ కరగ నడిరాత్రి బయలుదేరి కాటన్‌పేటలో తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి గానీ ముందుకు పోదు.

కాక్స్‌టౌన్_మాస్టారు | శనివారం, ఉదయం 11:10

రాయుడు గారు మంచి మాట గుర్తుచేశారు. 'తవక్కుల్' అరబ్బీ, దేవుడి మీద భారం వేసి ఉండడం. 'మస్తాన్' మాత్రం పార్శీ, మత్తులో మునిగినవాడు, అంటే దైవధ్యానపు మత్తు. మన సీమ పేర్లలో రెండు భాషలూ కలిసిపోయి ఉంటాయి. ఖాసిం, మహబూబ్, ఫకీర్, మౌలా అరబ్బీ. దస్తగిరి పార్శీ, చెయ్యి పట్టుకుని నడిపించేవాడని అర్థం. నార్పల దగ్గర గూగూడు కుళ్ళాయిస్వామి పేరున కుళ్ళాయప్పలు, కుళ్ళాయమ్మలు ఉన్నారు కదా, ఆ కుళ్ళాయి పార్శీ 'కులాహ్', అంటే టోపీ. వీటన్నిటికీ చివర తగిలించే అప్ప, అయ్య, అమ్మ మాత్రం మనవి.

ఇంకో సంగతి. అరబ్బీ వ్యాకరణం ప్రకారం హుసైన్ మగవాళ్ల పేరే. మన ఊళ్లలో 'అమ్మ' చేర్చి ఉసేనమ్మను చేసేశారు. అరబ్బు వింటే తికమక పడతాడు గానీ ఆదోని వైపు ఉసేనమ్మ అంటే ఎవరూ తలెత్తి కూడా చూడరు.

బ్రోకర్_బాధితుడు | శనివారం, మధ్యాహ్నం 1:33

నేను ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. నా పేరు హుసేన్ రెడ్డి. నంద్యాల పక్క. మా ఊళ్లో ఈ పేరుతో నలుగురున్నారు, ఒకరు సర్పంచుగా కూడా చేశారు.

బెంగళూరు వచ్చిన కొత్తలో ఇల్లు వెతుకుతున్నాను. మారతహళ్లి దగ్గర ఒక టూ బీహెచ్‌కే బాగుందని బ్రోకర్ చెబితే ఓనర్‌కు ఫోన్ చేశాను. అన్నీ మాట్లాడుకున్నాం, అడ్వాన్సు కూడా కుదిరింది. చివర్లో పేరడిగాడు. "హుసేన్" అన్నాను. రెండు సెకన్లు ఆగి, "అయ్యో, పొద్దున్నే వేరేవాళ్లు టోకెన్ ఇచ్చారు, మర్చిపోయాను" అన్నాడు. నేను నమ్మాను. సాయంత్రం అదే ఇంటికి నా రూమ్మేట్ చేస్తే ఖాళీగానే ఉంది. మర్నాడు ఇద్దరం కలిసి వెళ్లాం. ఆధార్ చూపించాను. "ఓ, రెడ్డినా! ముందే చెప్పొచ్చు కదా" అని నవ్వుతూ కాఫీ ఇచ్చాడు.

కాఫీ తాగాను. ఇల్లు తీసుకోలేదు. తీసుకోనందుకు గొప్పగా అనిపించిందని కూడా చెప్పలేను, ఎందుకంటే నా దగ్గర చూపించడానికి ఇంకో సగం పేరుంది. ఆఫీసులో నా పక్క సీటు అతను కూడా హుసేనే, అతనికి ఆ సగం లేదు. అతను ఇల్లు దొరక్క మూడు నెలలు హోటల్లో ఉన్నాడు.

అక్కా, మిమ్మల్ని భయపెట్టాలని కాదు. పేరు పెడితే ఇవి వస్తాయి, తెలిసే పెట్టండి. నేనైతే మార్చుకోలేదు.

నూర్_వైట్‌ఫీల్డ్ | శనివారం, మధ్యాహ్నం 2:10

అన్నా, థాంక్స్. మా ఇంట్లో ఇలాంటివి అన్నం తింటూ చెప్పుకునే మామూలు కబుర్లు. బయటివాళ్ల నోట వినడం అరుదు.

తాడిపత్రి అక్కకు ఒక మాట. మాది గుంటూరు, ముస్లింలం. మా ఇంట్లో పీర్ల పండగ చెయ్యరు. పీర్లను ఎత్తడం, మొక్కడం మా నాన్నకు అస్సలు నచ్చదు, అది మన ధర్మంలో లేదంటారు. మాలో చాలామంది అదే అంటారు. మా నానమ్మేమో దాచిపెట్టి చక్కెర చదివింపుకు పంపేది. కాబట్టి ముస్లింలందరూ ఒకే మాట మీద ఉంటారని అనుకోవద్దు. కానీ మీ బాబుకు హుసేన్ అని పెడితే మా నాన్న కూడా సంతోషిస్తారే తప్ప, మా పేరు తీసుకున్నారని ఎవరూ అనరు.

గోదారి_గట్టు | శనివారం, మధ్యాహ్నం 3:48

రెడ్డి గారి అనుభవం చదివాక నా మాట మీదే ఇంకా గట్టిగా నిలబడుతున్నాను. నాకు ఎవరి మీదా ద్వేషం లేదు. లోకం ఇలా ఉన్నప్పుడు పసివాడి నెత్తిన ఎందుకు పెట్టడం అంటున్నాను, అంతే. పైగా పరాయి భాష.

ఫిల్టర్_కాఫీ | శనివారం, మధ్యాహ్నం 4:05

అసలు పరాయి భాష అంటే... ఈ 'అసలు' కూడా అరబ్బీయే సార్. మీరు కూర్చున్న కుర్చీ, మీ జిల్లా, తాలూకా, వకీలు, మీరిచ్చే జవాబు, నాకు మీరు బాకీ ఉన్న బిర్యానీలో ఆ 'బాకీ', అన్నీ అక్కడివే. బిర్యానీ పార్శీ అనుకోండి. రెండూ తిరిగి ఇచ్చేయమంటే నేను రెండోది ఇవ్వను.

లోకం గురించి మీరన్నదానికి మాత్రం నా దగ్గర జోకు లేదు.

రాగమాలిక_జయనగర్ | శనివారం, సాయంత్రం 6:30

ఎవరూ ఇంకా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. కర్ణాటక సంగీతంలో హుసేని అనే రాగమే ఉంది! ఖరహరప్రియ జన్యం. నేను జయనగర్‌లో మా టీచర్ దగ్గర నేర్చుకున్న తొలి స్వరజతి ఈ రాగంలోదే, సాహిత్యం తెలుగు. త్యాగరాజస్వామి కూడా ఇందులో కృతులు చేశారు. టర్కీ సంగీతంలో హుసేనీ పేరుతోనే ఒక మకామ్ (మన రాగం లాంటిది) ఉంది. మన దగ్గర అదే పేరున్న రాగంలో పొద్దున్నే రాముణ్ణి పాడుకుంటున్నాం, ఎప్పుడైనా ఎవరికైనా చెవికి అడ్డం వచ్చిందా?

అత్తగారికి ఆ రాగం వినిపించండి. నెమ్మదిగా, కొంచెం బెంగగా సాగుతుంది. నిద్రపుచ్చడానికి కూడా పనికొస్తుంది, మా పాప మీద పరీక్షించాను.

తాడిపత్రి_పిల్ల | శనివారం, రాత్రి 9:55

బాబు ఇప్పుడే పడుకున్నాడు. అన్నీ చదివాను. ఇంతమంది రాస్తారని అనుకోలేదు.

'చిట్టి అందగాడు' అని మాస్టారు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. మా జేజినాయన ఆరడుగుల మనిషి, మీసం, ముఖం మీద మశూచి మచ్చలు. "చిట్టీ కాదు, అందగాడూ కాదు" అని మా నాయన ఫోన్లో ఒకటే నవ్వు.

జేజినాయన గురించి కొంచెం చెప్పాలనిపిస్తోంది. మొహర్రం నెలవంక కనబడిన రోజు నుంచి పదిరోజులూ కాళ్లకు చెప్పులు వేసేవాడు కాదు, మంచం ఎక్కేవాడు కాదు, ఇంట్లో మాంసం కూర వండనిచ్చేవాడు కాదు. ఊళ్లో ఐదు పీర్లుంటే పెద్ద పీరును ఎత్తేది ఆయనే. ఆకు ఆకారంలో వెండి పలక, మధ్యలో అరబ్బీ అక్షరాలు, కింద పొడుగాటి కర్ర, దానికి జనం కట్టిన గుడ్డ దట్టీలు. మొక్కుబడి దట్టీల బరువుకే కర్ర వంగేది. పీర్లను చూసుకునే ముజావర్ ఊదు వేస్తుంటే ఆ పొగలో జేజినాయన కళ్లు ఎర్రబడి వేరే మనిషిలా కనిపించేవాడు. నాకు భయమేసి అవ్వ వెనక దాక్కునేదాన్ని. పదకొండో రోజు చూస్తే మామూలుగా ఎనుముకు గడ్డి వేస్తుండేవాడు.

ఇప్పటికీ మా ఊరి ఇంట్లో దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం వెనకాల అలాయి గుండం (పీర్ల పండగ నిప్పుల గుండం) బూడిద పొట్లం ఉంటుంది. ఎవరికి జ్వరమొచ్చినా మా అమ్మ ముందు అది నుదుట పెట్టి, ఆ తర్వాతే డోలో ఇస్తుంది.

మాస్టారూ, ఒక సందేహం. ఆయన స్కూలు రికార్డులో పుట్టినరోజు 1941 జూలై 1 అని ఉంది. పెన్షన్ కాగితాల్లోనూ అదే. కానీ ఆయన ఎప్పుడూ "నేను జొన్న కోతలప్పుడు పుట్టినా" అనేవాడు. మా పక్క జొన్న కోతలు జూలైలో ఉండవు. ఇది ఎలా?

ఫిల్టర్_కాఫీ | శనివారం, రాత్రి 10:03

ఆ కాలంలో దేశంలో సగం మంది జూలై 1నే పుట్టారక్కా. మిగతా సగం జూన్ 1న. హెడ్‌మాస్టర్ దయ.

కాక్స్‌టౌన్_మాస్టారు | ఆదివారం, ఉదయం 5:50

ఫజర్ నమాజు అయ్యాక కూర్చుని లెక్క వేశాను అమ్మా. రాత్రి మీ ప్రశ్న చూసి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

హిజ్రీ సంవత్సరం చంద్రుడి లెక్క. 354 రోజులు, అప్పుడప్పుడు 355. మన తెలుగువాళ్లలాగా అధికమాసం వేసి సరిచేసుకోరు. అందుకే పీర్ల పండగ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, ఎండాకాలం వానాకాలం అన్నీ తిరిగి, దాదాపు 33 ఏళ్లకు మళ్లీ అదే కారుకు వస్తుంది.

ఇప్పుడు మీ జేజినాయన సంగతి. ఆయన పీర్లు నీళ్లకు పోయే పొద్దున పుట్టారన్నారు, ఆ మాట పక్కా అనుకుందాం, ఎందుకంటే పేరే దానికి సాక్ష్యం. సంవత్సరం 1941 కూడా నిజమే అనుకుందాం. హిజ్రీ 1360 మొహర్రం నెల 1941 జనవరి చివర్లో మొదలైంది. పదో నాడు ఫిబ్రవరి 7కు అటూ ఇటూ. నెలవంక కనబడేదాన్ని బట్టి ఒక రోజు తేడా ఉంటుంది. పీర్ల పండగ జూలైలో రావాలంటే ఆయన 1920ల నడుమ పుట్టి ఉండాలి, లేదంటే 1950ల చివర. 1941 జూలైలో వీలే లేదు.

ఫిబ్రవరి మొదట్లో మీ నల్లరేగడి చేలల్లో ఏం జరుగుతుంది? నాకంటే మీకే బాగా తెలుసు.

తాడిపత్రి_పిల్ల | ఆదివారం, ఉదయం 7:15

జొన్న కోతలు!!

మాస్టారూ, చేతులు వణుకుతున్నాయి. ఇంకోటి గుర్తొచ్చింది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, 2006లో అనుకుంటా, పీర్ల పండగ రోజు తెల్లారుజామున జేజినాయన వాకిట్లో కూర్చుని కాళ్లు కడుక్కుంటూ "ఈ తూరి నేను పుట్టిన పొద్దు మాదిరే వచ్చింది సూడు, జొన్న కోతల్లో" అన్నాడు. అప్పటికి మా ఊళ్లో జొన్న ఎవరూ వెయ్యడం లేదు, అంతా శనగే. ముసలాయన ఏదో అంటున్నాడులే అనుకున్నాను.

కాక్స్‌టౌన్_మాస్టారు | ఆదివారం, ఉదయం 7:31

2006లో మొహర్రం పదో నాడు ఫిబ్రవరి 9. సరిగ్గా కుదిరింది. ఆయన పుట్టాక అది రెండో చుట్టు. మొదటి చుట్టు 1974 ఫిబ్రవరి మొదట్లో వచ్చి ఉంటుంది. క్యాలెండరు చూడకుండా 65 ఏళ్ల లెక్క మనసులో పెట్టుకున్నారు మీ పెద్దాయన.

బ్రోకర్_బాధితుడు | ఆదివారం, ఉదయం 8:20

ఒళ్లు జలదరించింది మాస్టారూ. నేను పుట్టింది కూడా పండగప్పుడేనని మా అమ్మ అంటుంది, నాదీ సర్టిఫికెట్లో జూన్ 1. ప్రైవేటు మెసేజ్ పంపుతున్నాను, కాస్త చూడండి.

పెన్న_గట్టు | ఆదివారం, ఉదయం 9:02

మాస్టారు ఇంక జ్యోతిష్యం బోర్డు పెట్టొచ్చు.

గోదారి_గట్టు | ఆదివారం, ఉదయం 10:40

లెక్క బాగుంది, ఒప్పుకుంటున్నాను. ఒక మధ్యేమార్గం చెబుతాను, కోప్పడకండి. మా పక్క తొట్టెల్లో ఒక పేరు పిలిచి, రికార్డులో ఇంకోటి రాయించడం మామూలే. తొట్టెల్లో పెద్దాయన పేరు పిలవండి. సర్టిఫికెట్లో మీ ఆయన ఇష్టం.

రాయచూర్_రాయుడు | ఆదివారం, ఉదయం 11:12

రికార్డులో లేని పేరు రెండు తరాలకు పోతుంది సార్. మా ఇంట్లో అలా ఇద్దరు ముత్తాతల పేర్లు పోయాయి. ఇప్పుడు వంశవృక్షం రాయబోతే 'చిన్నబ్బ', 'పెద్దబ్బ' తప్ప ఏమీ మిగల్లేదు.

తాడిపత్రి_పిల్ల | గురువారం, రాత్రి 11:20

అప్‌డేట్. అత్తగారికి జొన్న కోతల సంగతి మొత్తం చెప్పాను. ఆమె వింటూ వింటూ, భీమవరంలో వాళ్ల చిన్నప్పుడు ఇంటికి పాలు పోసే ఆయన పేరు మీరాసాహెబ్ అని, వాళ్లమ్మ ఆయనకు రాఖీ కట్టేదని చెప్పారు. ఆ తర్వాత "అర్థం మంచిదేగా" అన్నారు. ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు చిక్కు హ దగ్గర. మా ఆయనకు మాస్టారు చెప్పినట్టు 'హుసేన్' అని పద్ధతిగా రాయాలని ఉంది. మా నాయన మాత్రం "మా నాయన సంతకంలో హ లేదు" అంటున్నాడు. పట్టాదారు పాసుపుస్తకం ఫొటో పంపాడు. నిజమే, వంకర టింకరగా 'ఉసేనప్ప' అనే ఉంది. ఆ 'ఉ' తోక ఎంత పొడుగంటే పక్క గడిలోకి పోయింది.

కాక్స్‌టౌన్_మాస్టారు | శుక్రవారం, ఉదయం 6:05

అరబ్బీలో ఆ హ గొంతు లోపలి నుంచి వస్తుంది, మన నోటికి అది పలకడమే కష్టం. పల్లె నోరు దాన్ని వదిలేసింది, హైదరాబాదును ఐదరాబాదు చేసినట్టే. తమిళంలో కూడా ఉసేన్ అనే రాసేవాళ్లున్నారు. తెల్లదొరలైతే మొహర్రం ఊరేగింపులో 'యా హసన్, యా హుసేన్' అన్న కేకలు విని 'హాబ్సన్ జాబ్సన్' చేశారు. 1886లో వచ్చిన వాళ్ల నిఘంటువుకు ఆ పేరే పెట్టుకున్నారు. ఆ లెక్కన మీ ఉసేను ఎంతో నయం.

నన్ను అడిగితే నాయనగారి మాటే వినండి. అరబ్బీ సరిచేయడానికి నాలాంటివాళ్లు ఉన్నారు. ఆ సంతకం ఇంకెవరి దగ్గరా లేదు.

ఫిల్టర్_కాఫీ | శుక్రవారం, ఉదయం 8:15

ఇంగ్లీషు స్పెల్లింగు కూడా తేలిపోయింది. బోల్ట్ గారి స్పెల్లింగే పెట్టండి, అందులోనూ హ లేదు. పాస్‌పోర్ట్ ఆఫీసర్ తప్పు రాయడు, ప్రపంచం మొత్తానికి వచ్చు.

తాడిపత్రి_పిల్ల | సోమవారం, ఉదయం 10:44

నిన్న అయిపోయింది. సర్టిఫికెట్లో 'ఉసేన్ ఆదిత్య' అని రాయిస్తున్నాం, ఆదిత్య మా ఆయన ఎంచుకున్నది. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాయమంటే మా నాయన మొదటి అక్షరమే పళ్లెమంతా రాసేశాడు, ఆ పాసుపుస్తకం 'ఉ' లాగే. మిగతా అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఇరికించాడు. పూజారి గారు చూసి "ఏమని రాశారు?" అని అడిగితే మా అత్తగారే ముందు చెప్పారు.

తొట్టెల్లో వేశాక అందరూ చెవిలో మూడుసార్లు పిలవాలి కదా. పెద్దోడు మాత్రం "ఉసేన్ బోల్ట్" అనే పిలిచాడు.

వచ్చే పీర్ల పండగకు ఊరికి తీసుకుపోయి మలీద చేయించాలని మొక్కు. నాకు చేయడం రాదు, అవ్వ చేసేది. ఎవరికైనా కొలతలు తెలుసా?

నూర్_వైట్‌ఫీల్డ్ | సోమవారం, ఉదయం 11:02

ముబారక్ అక్కా! గోధుమ రొట్టెలు మందంగా కాల్చి, వేడి మీదే చేత్తో నలిపెయ్యాలి. చల్లారితే పొడి కాదు, ముక్కలవుతాయి. నాలుగు రొట్టెలకు అరకప్పు బెల్లం తురుము, రెండు చెంచాల నెయ్యి, యాలకులు, కొంచెం ఎండుకొబ్బరి. మా నానమ్మ గసగసాలు కూడా వేసేది.

పెన్న_గట్టు | సోమవారం, ఉదయం 11:09

బెల్లమేంటండీ, మా వైపు చక్కెరే.

రాయచూర్_రాయుడు | సోమవారం, ఉదయం 11:15

బెల్లమే. ఇందులో రెండో మాట లేదు.